బంగారు రంగు రిమ్ములు

జహనుమాలో భిక్షపతి కార్లు బాగుచేసే షెడ్డు పెట్టి పదకొండేళ్లయింది. మొదటి తొమ్మిదేళ్లు షెడ్డు ముందు బండ్లు బారులు తీరి ఉండేవి. తరవాతి రెండేళ్లు ఈగలు తోలుకోవడంతోనే సరిపోయింది. తొమ్మిదేళ్లుగా కూడబెట్టుకున్న పేరు ఒక్క మధ్యాహ్నంలో పోయింది. దాన్ని పోగొట్టినవాడు కార్వాన్‌లో పప్పుల హోల్‌సేల్ వ్యాపారం చేసే వైకుంఠం సేటు కొడుకు అమరనాథ్.

ఊరికి దూరంగా యుద్ధకాలం నాటి విమానాల మైదానం ఒకటుంది. ఏటా చలికాలంలో మోటారు క్లబ్బు వాళ్లు అక్కడ నూనె డ్రమ్ములు పేర్చి, మలుపులు కట్టి, కార్ల పందేలు పెట్టేవారు. అమరనాథ్‌కి ఫియట్ కారుంది. దాని ఇంజను కట్టింది భిక్షపతి. డెబ్బై ఆరులో పందేనికి వారం ముందు అమరనాథ్ షెడ్డుకొచ్చి, "బండి ఇంకా బరువుంది భిక్షపతీ. రిమ్ములకు చుట్టూత రంధ్రాలు ఎయ్యి, బరువు దిగుతది" అన్నాడు.

"రంధ్రాలేస్తే జల్లెడయితది సేట్. మలుపు తిరిగేటప్పుడు బరువంత గా బోల్టుల దగ్గర్నే పడ్తది. నేనెయ్య."

అమరనాథ్ వేరేచోట వేయించుకున్నాడు. పందెం రోజు పొద్దున తన మనుషుల చేతనే ఆ రిమ్ములు ఎక్కించుకున్నాడు. నాలుగో చుట్టులో, డ్రమ్ముల మలుపు దగ్గర, ముందు ఎడమ చక్రం బోల్టుల చుట్టూ కాగితంలా చిరిగి ఊడిపోయింది. ఊడిన చక్రం ఎగిరి డ్రమ్ములు దాటి, వాటి వెనక నిలబడి చూస్తున్న ఎల్లప్ప తొడకు తగిలింది. ఎల్లప్ప భిక్షపతి అక్క ఆగమ్మ మొగుడు. టాక్సీ నడుపుకొని బతికేవాడు. బామ్మర్ది కట్టిన ఇంజను ఎట్లా పరిగెత్తుతుందో చూద్దామని వచ్చాడు, అంతే.

భిక్షపతి బావ తలను ఒళ్లో పెట్టుకుని, కారుతున్న నెత్తురును తువ్వాలుతో అదిమి పట్టుకుని ఉన్నప్పుడు, పాతికడుగుల అవతల అమరనాథ్ క్లబ్బు వాళ్లతో అంటున్న మాట చెవినపడింది. "మెకానిక్ బోల్టులు సరిగ్గ బిగించలే. ఏం జెయ్యాలె చెప్పుండ్రి."

చిరిగిన రిమ్మును అమరనాథ్ మనుషులు జీపులో వేసుకుని పోయారు. మర్నాడు పేపర్లో మెకానిక్ అశ్రద్ధ అని అచ్చయింది. భిక్షపతి క్లబ్బు గడపెక్కి చెప్పాడు, పేపరు ఆఫీసు మెట్లెక్కి చెప్పాడు. రంధ్రాలేసిన రిమ్ము ఎక్కడుందన్నారు. అది చూపించలేకపోయాడు. అక్కడి నుంచి షెడ్డుకు బండ్లు రావడం ఆగిపోయింది.

ఎల్లప్ప తొడ ఎముక అతికింది గాని ఎడమ కాలు పొట్టిదైంది. క్లచ్చి తొక్కే బలం దానికి రాలేదు. దబీర్‌పురాలో ఇంటి ముందు అతని ఫియట్ టాక్సీ తాటిపత్రి కింద దుమ్ము కొట్టుకుపోతుంటే, ఆగమ్మ బీడీలు చుడుతూ ఇల్లు నడిపింది. ఒక సాయంత్రం భిక్షపతి వెళ్లి బావ పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"బావా, నీ బండి నాకియ్యి. దినాం టాక్సీ నేను నడిపి అక్కకిస్త. పందెం నాడు మాత్రం గా మైదానంల ఉరికిస్త. అమరనాథ్ నా ఎనక రావాలె. అందరు చూడంగ రావాలె."

ఎల్లప్ప తన కాలి వంక చూసుకున్నాడు. "తీస్కపో. కని రంగు మార్చకు. నల్లది పసుపుది అట్లనే ఉండనీ. ఎవని బండి ఎనక పడ్డడో ఆనికి తెల్వాలె."

పగటిపూట టాక్సీ, పొద్దుగూకాక షెడ్డులో పని. అట్లా ఏడాదిన్నర గడిచింది. బలం పెరిగేట్టు ఇంజను తలకాయ గీకించాడు, కార్బురేటర్ మార్చాడు, స్ప్రింగులు కురచ చేశాడు. ఎంత చేసినా అమరనాథ్ బండిలో ఉన్నది కూడా తను కట్టిన ఇంజనే. తన చేతిని తనే ఎంత మించగలడు? ఇక మిగిలింది బరువు. అందులోనూ చక్రాల బరువు. బండిలో కదలకుండా కూర్చున్న బరువు వేరు, తిరిగే బరువు వేరు అని భిక్షపతికి తెలుసు. చక్రాన్ని బండి మోయడమే కాదు, తిప్పాలి కూడా. తిప్పాక ఆపాలి. గుంత వస్తే చక్రం ఎగిరి మళ్లీ నేలకు అంటుకోవాలి. చక్రంలో కిలో తగ్గితే బండిలో రెండు కిలోలు తగ్గినట్టు. అమరనాథ్ ఆలోచన తప్పు కాదు. దాని కోసం తొక్కిన దారే తప్పు.

ఇనప రిమ్ముకు రంధ్రాలేసే మాటే లేదు. అల్యూమినియం రిమ్ములు పోత పోయించవచ్చు, కాని మన పోతలో గాలి బుడగలు దాక్కుంటాయన్న భయం. మెగ్నీషియం రిమ్ములన్నిటికన్నా తేలిక. అవి ఈ దేశంలో తయారు కావు.

సరిగ్గా అప్పుడే దబీర్‌పురా స్టేషను దగ్గర పాత సామాన్ల దుకాణం జిలానీ భాయ్ కబురు పెట్టాడు. మద్రాసులో పందేలు మానుకున్న ఒక దొర ఫియట్‌వి నాలుగు రిమ్ములు వచ్చాయట. ఇటలీ సరుకు, మెగ్నీషియంవేనట. భిక్షపతి వెళ్లేసరికి జిలానీ భాయ్ గోనెపట్టా తీసి చూపించాడు. లేత బంగారు రంగులో నాలుగు చక్రాలు. భిక్షపతి ఒకదాన్ని వేలికి తగిలించి ఎత్తాడు. సత్తు గిన్నె ఎత్తినట్టు లేచొచ్చింది. తక్కెడలో ఒకవైపు ఇనప రిమ్ము, ఇంకోవైపు ఇది పెడితే, ఇనప రిమ్మున్న పళ్లెం ఠపీమని నేలకు తగిలింది. తేడా మూడు కిలోల పైమాటే.

"దేఖో భిక్షపతీ," అన్నాడు జిలానీ భాయ్, "నిన్న అమరనాథ్ సేట్ మనిషి గూడ వచ్చి చూసి పోయిండు. ధర జాస్తి అన్నడు. నువ్వు పాత దోస్తువి, ముందు నీకే అంటున్న."

"ఒక్క దినం ఇంటికి తీస్కపోత భాయ్. బండికి కూసుంటయో లేదో చూస్కుంట."

"లే జావ్. నీ మీద భరోసా లేదా ఏంది?"

షెడ్డులో నాలుగింటినీ తాడుకు వేలాడదీసి సుత్తె పిడితో మెల్లగా తట్టాడు. మూడు గుడి గంటల్లా మోగాయి. నాలుగోది పగిలిన కుండలా బొయ్యిమంది. భిక్షపతి దాన్ని కిరోసిన్‌తో కడిగి, కాసేపు నాననిచ్చి, పొడిబట్టతో శుభ్రంగా తుడిచి, సుద్దపొడి చల్లాడు. చీలిక ఉంటే అందులోకి దూరిన కిరోసిన్ మెల్లమెల్లగా పైకి ఊరి సుద్దను తడుపుతుంది. కాసేపటికి తెల్లటి సుద్ద మీద, బోల్టు రంధ్రం నుంచి రిమ్ము ఊచ దాకా, తల వెంట్రుకంత సన్నని తడి గీత తేలింది.

మెగ్నీషియం ఇనుములా వంగి చెప్పదు. ఒకేసారి విరుగుతుంది.

ఆ గీత ముందు కూర్చున్న భిక్షపతికి మొదట నిరాశ కలిగింది. తరవాత ఇంకో ఆలోచన వచ్చింది. వచ్చినప్పుడు అది ఆలోచనలా లేదు, ఎండలో నడిచొచ్చినవాడికి చల్లటి నీళ్ల చెంబు అందినట్టుంది. సుద్ద తుడిచేశాడు. ఆ రిమ్ము లోపలి వైపు, ఎవరి కంటా పడనిచోట, మొలతో చిన్న గాటు పెట్టాడు. మర్నాడు నాలుగూ తీసుకెళ్లి జిలానీ భాయ్‌కి అప్పజెప్పి, "మస్తుగున్నయి. శుక్రారం నాడు వచ్చి తీస్కపోత, ఎవ్వరికియ్యకు" అన్నాడు.

అక్కడి నుంచి తిన్నగా అమరనాథ్ డ్రైవర్లు కూర్చునే ఇరానీ హోటలుకు పోయాడు. పక్క బల్ల మీద చాయ్ తాగుతూ, వాళ్లకు వినబడేట్టు చెప్పాడు. "గా ఇటలీ రిమ్ములు నాకే దొరికినయి. ఈసారి సేటుకు నా బండి ఎనక దీపాలు తప్ప ఏం కానరావు."

శుక్రవారం దాకా ఆగాల్సిన పనే పడలేదు. గురువారం మధ్యాహ్నానికే అమరనాథ్ స్వయంగా జీపేసుకుని వచ్చి, అడిగిన ధర పెట్టి నాలుగూ ఎత్తుకుపోయాడు. జిలానీ భాయ్ సిగ్గుతో తలొంచుకున్నాడు. "క్యా కరూఁ భాయ్, దుకాణంల నిలబడి లొల్లి జేసిండు. నన్ను మాఫ్ జెయ్యి." భిక్షపతి మొహం మాడ్చుకున్నట్టు పెట్టి బయటికొచ్చాడు. సందు మలుపు తిరిగాక అతనికి నవ్వొచ్చింది. రెండేళ్లలో అదే మొదటి నవ్వు.

తన బండికి పోత రిమ్ములే గతి. గుండయ్య అనే ముసలి పోతపనివాడు గుళ్లకు గంటలు, బండ్లకు చిన్నచిన్న భాగాలు పోసేవాడు. పాత అల్యూమినియం పిస్టన్లు కరిగించి రిమ్ములు పోద్దామంటే, "గంటకు పగులుంటే మోగదు, గంతే. దీనికి పగులుంటే పానం పోతది. నాతోని ఎందుకు జేపిస్తవ్ బిడ్డా?" అన్నాడు. భిక్షపతి వదల్లేదు. బోల్టుల చుట్టూ లోహం మందంగా ఉండేట్టు, అంచుల్లో పలచగా ఉండేట్టు చెక్క అచ్చు తనే చెక్కాడు. తొమ్మిది పోశారు. ఒక్కొక్కదాన్నీ మోగించి, కిరోసిన్ పూసి, సుద్ద చల్లి చూశాడు. మూడు పగిలినవి. ఒకదాన్ని ఎత్తు మీది నుంచి రాతి మీదికి వదిలితే ముక్కలైంది. మిగిలిన అయిదింట్లో నాలుగు నచ్చాయి. ఇనుప రిమ్ము కన్నా రెండు కిలోలు తేలిక. మెగ్నీషియం అంత కాదు. అయినా ఒక్కో రిమ్ములో ఏముందో అతనికి తెలుసు, అది చాలు. నెల రోజులు వాటి మీదే టాక్సీ నడిపాడు. చార్మినారు చుట్టూ గతుకుల్లో సవారీలను తిప్పాడు. ఏ రిమ్మూ వంకరపోలేదు.

పందెం రోజు పొద్దున ఎల్లప్పను పక్కన కూర్చోబెట్టుకుని బయల్దేరాడు. దారిలో ఇక ఆగలేక, సంతోషం పట్టలేక, మొత్తం చెప్పేశాడు. గీత సంగతి, హోటల్లో వేసిన ఎర సంగతి, గురువారం వచ్చిన జీపు సంగతి. బావ వీపు తడతాడనుకున్నాడు.

"బండాపు," అన్నాడు ఎల్లప్ప.

భిక్షపతి రోడ్డు పక్కన ఆపాడు. ఎల్లప్ప తలుపు తీసి, కర్ర ఆనించుకుని, కష్టంగా కిందికి దిగాడు.

"ఆ డ్రమ్ముల ఎనక ఇయాల ఎవడు నిలబడ్తడు?"

భిక్షపతి ఇంజను ఆపేశాడు.

"నేను నిలబడ్డ నాడు గూడ, ఏం గాదు తీ అనే అనుకున్నడు ఆడు. ఇప్పుడు నువ్వనుకుంటున్నవ్. ఆనికీ నీకూ ఫరక్ ఏంది?"

"నీ కాలు కోసం జేసిన బావా!"

"నా కాలు పేరు తియ్యకు! నీ పేరు కోసం జేసినవ్. పోయి చెప్పు. చెప్పకపోతే నేను చెప్త."

భిక్షపతికి కళ్లల్లో నిప్పులు పోసినట్టయింది. రెండేళ్లు దాచుకున్నది తన చేతిలోంచి, అదీ సొంత బావే లాక్కుంటున్నాడు. స్టీరింగు మీద రెండు చేతులూ బిగించి కూర్చున్నాడు. చివరికి, "చెప్త," అన్నాడు. "కని ఉత్తగ చెప్ప." ఎల్లప్ప మళ్లీ బండెక్కాడు.

మైదానంలో అమరనాథ్ తెల్ల ఫియట్ బంగారు రంగు చక్రాల మీద మెరుస్తోంది. పక్కన గొడుగు కింద కుర్చీలో, నల్ల టోపీ పెట్టుకుని, వైకుంఠం సేటు కూర్చున్నాడు. కొడుకు పందెం చూడడానికి ముసలాయన రావడం అదే మొదటిసారి. టాక్సీని చూసి అమరనాథ్ నవ్వాడు.

"ఏం భిక్షపతీ, మంచి రిమ్ములు చేజారినయని గిన్నెలు దొడిగినవా?"

భిక్షపతి దగ్గరికెళ్లి, గొంతు ఎత్తకుండా అన్నాడు. "నీ నాలుగింట్ల ఒకటి చీలింది సేట్. అది ఏదో నాకెరుక. రెండేండ్ల కింద రిమ్ములకు రంధ్రాలు ఎవరేపిచ్చిన్రో గా మైకుల జెప్పు. చెప్పినంక చూపెడత."

"భయపెట్టి గెలుస్తవా? పో, పోయి సవారీలు ఎక్కించుకో."

"ముందు ఎడమ దిక్కున్నదా, ఎనక కుడి దిక్కున్నదా? సోంచాయించుకో. మలుపు మలుపుకు సోంచాయించుకో."

అమరనాథ్ మొహంలో రంగు కొంచెం మారింది. అయినా హెల్మెట్ పెట్టుకుని బండెక్కి తలుపు వేసుకున్నాడు. భిక్షపతి కదల్లేదు. జెండా లేవడానికి పావుగంట ఉంది. అప్పటిదాకా కాచుకుని కూర్చుని, ఆఖరి నిమిషంలో చెప్తాడో, అసలు చెప్పడో, నిజానికి అతనికే తెలియదు. దూరంగా డ్రమ్ముల వెనక జనం పోగవుతున్నారు. ఎల్లప్ప వాళ్ల మధ్య కర్ర మీద నిలబడి ఇటే చూస్తున్నాడు. కావాలనే అక్కడ నిలబడ్డాడు.

వెనక నుంచి ఎవరో చెయ్యి పట్టుకున్నారు. వైకుంఠం సేటు.

"నేను విన్న. నిజమేనా?"

"నిజం సేట్."

"ఏ రిమ్మో చెప్పు."

"ముందు మైకు."

ముసలాయన కొడుకు వైపు చూశాడు. ఆ తరవాత, పంచె కుచ్చెళ్లు ఒక చేత్తో పట్టుకుని, క్లబ్బు వాళ్ల బల్ల దగ్గరికి నడిచి, ప్రకటనలు చదువుతున్న మనిషి చేతిలోంచి మైకు అందుకున్నాడు.

"నేను కార్వాన్ వైకుంఠాన్ని. రెండేండ్ల కింద ఈడ చక్రం ఊడి ఒకాయన కాలు ఇరిగింది. మెకానిక్ బోల్టులు బిగించలేదన్నరు. అది అబద్ధం. రిమ్ములకు రంధ్రాలు మా పిల్లగాడే ఏపిచ్చిండు. మెకానిక్ వద్దన్నడు. ఆ చినిగిన రిమ్ము మా గోదాంల బస్తాల ఎనక దాచిపెట్టిన్రు. నేను చూసిన. చూసి నోరు మూసుకున్న."

మైదానమంతా ఒక్కసారి గుసగుసలతో నిండిపోయింది. అమరనాథ్ బండి దిగి, "బాపూ!" అని అరిచాడు. ఎవరూ అతని వైపు రాలేదు. ఆ మొహాన్ని భిక్షపతి రెప్ప వేయకుండా చూశాడు. పాతికడుగుల దూరమే. ఆనాడు తను నెత్తురులో కూర్చుని విన్నంత దూరమే.

బండ్లు తనిఖీ చేసే పెద్దాయన, మిలిటరీలో పనిచేసి దిగిన కర్నల్ సాబ్, గబగబా వచ్చాడు. భిక్షపతి ఒక్కో చక్రం వెనక వేలు పెట్టి తడిమాడు. ముందు ఎడమ చక్రం లోపల గాటు తగిలింది. ఆనాడు చిరిగింది కూడా ఆ మూలదే. రిమ్ము ఊడదీయించి, అందరి ఎదుట కిరోసిన్ పూసి, తుడిచి, సుద్ద చల్లాడు. జనం వంగి చూశారు. గీత తేలింది. షెడ్డులో చూసినప్పటి కన్నా వేలెడు పొడుగైంది.

"ఇది నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాడు కర్నల్ సాబ్.

"సేటు కొనక ముంగట్నుంచి సాబ్."

"మరి చెప్పలేదే?"

"నన్నడగలే సాబ్."

కర్నల్ సాబ్ అతన్ని పైనుంచి కిందిదాకా చూసి వెనక్కి తిరిగాడు.

అమరనాథ్ జీపులో మామూలు ఇనప రిమ్ములున్నాయి. అవి బిగించుకుని బరిలోకి దిగాడు. దిగకపోతే ఇంకా పరువు పోతుందనుకున్నాడేమో. పన్నెండు చుట్లు. మొదటి ఆరు చుట్లు భిక్షపతి కన్నా అమరనాథే ముందున్నాడు. కాని ప్రతి మలుపు దగ్గరా అతను బ్రేకు తొక్కిన చోటు కన్నా పది గజాలు ముందుకెళ్లి భిక్షపతి తొక్కగలుగుతున్నాడు. తేలిక చక్రాలు చెప్పినట్టు ఆగుతున్నాయి, తిప్పినట్టు తిరుగుతున్నాయి. గుంత మీద ఇనప చక్రాలు ఎగిరి జారుతుంటే, గుండయ్య పోసిన చక్రాలు నేలను వదలడం లేదు. ఏడో చుట్టులో, డ్రమ్ముల మలుపు దగ్గర, లోపలి వైపు నుంచి టాక్సీ దూరింది. రెండు బండ్లూ పక్కపక్కన ఒక్క క్షణం ఉన్నాయి. భిక్షపతి తల తిప్పి చూశాడు. అమరనాథ్ చూడలేదు. తరవాత అయిదు చుట్లూ అతను వెనకే ఉన్నాడు. నల్ల పసుపు బండి వెనక.

పందెం గెలిచింది మద్రాసు నుంచి వచ్చిన ఒక బండి. భిక్షపతి మూడోవాడు, అమరనాథ్ అయిదో వాడు. కప్పు ఎవరిదైతే అతనికేం? ఆ రాత్రి అక్క వండి పంపిన మాంసం తృప్తిగా తిని, రెండేళ్లలో ఎన్నడూ లేనంత హాయిగా పడుకున్నాడు. పేపర్లో మూడో రోజున అచ్చయింది, మెకానిక్ తప్పేం లేదని. షెడ్డుకు బండ్లు రావడం మొదలైంది.

వారం తరవాత జిలానీ భాయ్ వచ్చాడు. చాయ్ ఇస్తే ముట్టలేదు.

"నా దుకాణంల పగిలిన మాల్ అమ్ముతరని ఊరంత పుకారు. ముప్పై ఏండ్ల దుకాణం భిక్షపతీ. నాకు తెల్వదు. నీకు తెలుసు. నా మాల్ నాకే వాపస్ ఇచ్చుకుంట మస్తుగున్నయన్నవ్. మైఁ క్యా బిగాడా తేరా? నీకేం జేసిన నేను?"

భిక్షపతి చేతిలోని పానా కింద పెట్టాడు. అమరనాథ్ గురించి ఎంత వెతుక్కున్నా లోపల జాలి చుక్క కూడా దొరకలేదు, ఆ రోజూ దొరకలేదు, తరవాతా దొరకలేదు. కాని ఈ మనిషి ముందు తలెత్తలేకపోయాడు. తన పేరు ఎట్లా పోయిందో, అదే తీరుగా ఇంకొకరి పేరు పోగొట్టాడు. అదీ, ఒక్కదినం భరోసా మీద సరుకిచ్చిన మనిషిది.

షెడ్డుకు తాళం వేసి, జిలానీ భాయ్ వెంట నడిచాడు. అతను ఎర వేసిన ఇరానీ హోటల్లోనే, అదే డ్రైవర్లు, అదే మెకానిక్కులు కూర్చున్న వేళ, బల్ల పక్కన నిలబడి మొత్తం చెప్పాడు. చీలిక తను చూసిన సంగతి, దాచిన సంగతి, అమరనాథ్ చేత కొనిపించిన సంగతి. జిలానీ భాయ్‌కి ఏమీ తెలియదని రెండుసార్లు చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఒకరిద్దరు కుర్చీలు కొంచెం వెనక్కి జరుపుకున్నారు. ఆ తరవాత షెడ్డుకొచ్చేవాళ్లు పని అప్పజెప్పేటప్పుడు అతని మొహంలోకి ఒకసారి పరీక్షగా చూసేవారు.

ఎల్లప్పకు భిక్షపతి క్లచ్చిని చేత్తో లాగే మీటగా మార్చి ఇచ్చాడు. దానికి అలవాటుపడడానికి ఎల్లప్పకు నెల పట్టింది. ఆ నెలంతా బామ్మర్దితో పలకలేదు. హోటల్లో జరిగింది ఎవరో చెవిన వేశాక, ఒక పొద్దున టాక్సీ నడుపుకుంటూ షెడ్డు ముందుకొచ్చి హారన్ కొట్టాడు.

"మీట గట్టిగున్నది. జర వదులు జెయ్యి," అన్నాడు. భిక్షపతి వంగి నట్టు తిప్పుతుంటే, పై నుంచి మళ్లీ అన్నాడు. "మీ అక్క అన్నం తినిపొమ్మన్నది. తొందరగ కానియ్యి."